జపాన్‌లో టాయిలెట్: ఏ తలుపు ఎవరిది, లోపల ఏ బటన్ దేనికి

జపాన్ టాయిలెట్ అనగానే అందరూ బటన్ల గురించే మాట్లాడతారు. బటన్లు ఒకటి రెండు సార్లకే అలవాటైపోతాయి. అసలు నేర్చుకోవలసింది తలుపు తియ్యకముందే ఉంది: బయట గోడ మీది బొమ్మలు చదవడం. అక్కడ ఒక్కో గదినీ ఒక్కో అవసరానికి కట్టారు. మీ అవసరానికి సరిపడే గదిలోకే వెళ్లాలి. అంతకంటే ఎక్కువ సౌకర్యాలున్న గది ఖాళీగా కనబడినా దాన్ని ఆ సౌకర్యాలు కావలసినవాళ్లకు వదిలెయ్యాలి. ఇది తెలిస్తే పెద్దవాళ్లనీ చంటిపిల్లల్నీ వెంటబెట్టుకుని ధైర్యంగా తిరగొచ్చు. ఉద్యోగరీత్యా అక్కడున్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు, వాళ్లను తిప్పి చూపించే పిల్లలకు ఈ వివరాలు బాగా అక్కరకొస్తాయి.

సంచిలో ఉండాల్సినవి

చేతి రుమాలు తప్పనిసరి. చేతులు తుడుచుకోవడానికి కాగితాలు చాలాచోట్ల పెట్టరు. గాలి యంత్రం కూడా అన్నిచోట్లా ఉండదు. అందుకే అక్కడ చాలామంది దగ్గర చిన్న తువ్వాలు ఉంటుంది. టిష్యూ ప్యాకెట్ ఒకటి, చెత్త వేసుకోవడానికి కవరు ఒకటి పెట్టుకోండి. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయు దాడి జరిగాక బహిరంగ స్థలాల్లో చెత్తబుట్టలు బాగా తగ్గించేశారు. మీ చెత్త మీతోనే వస్తుంది.

నీళ్లు వాడుకునే అలవాటున్నవాళ్లు ఇంకొకటి కూడా పెట్టుకోవాలి: మూతకు సన్నటి గొట్టం ఉన్న చిన్న నీళ్ల సీసా. మామూలు గదుల్లో మగ్గు గానీ చేతి షవర్ గానీ ఉండవు. ఎయిర్‌పోర్టు, డిపార్ట్‌మెంట్ స్టోర్, కొత్త స్టేషన్లలో నీళ్లు చిమ్మే సీటు ఉంటుంది కానీ పాత పార్కుల్లో, పల్లెటూరి స్టేషన్లలో ఉంటుందని నమ్మకం లేదు. సీసా నీళ్లు కమోడ్ లోపలికే పడాలి. నేల పొడిగా ఉంటుందన్న లెక్కతో కట్టిన గదులే ఎక్కువ. కింద నీళ్లు పడితే తర్వాత వచ్చే ముసలావిడ జారిపడుతుంది. పొరపాటున పడితే పేపరుతో తుడిచి బయటికి రండి.

ఎక్కడ వెతకాలి

రైల్వే స్టేషన్‌లో ముందుగా చూసుకోవాల్సింది, టాయిలెట్ టికెట్ గేటుకు లోపల ఉందా బయట ఉందా అని. చాలా స్టేషన్లలో లోపలే ఉంటుంది కాబట్టి గేటు దాటి బయటికి రాకముందే పని ముగించుకోండి. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో శుభ్రంగా, విశాలంగా ఉంటాయి. హైవే పక్కన సర్వీస్ ఏరియాల్లో ఏ గది ఖాళీగా ఉందో చూపే బోర్డు గుమ్మంలోనే పెట్టి ఉండడం మామూలే. కన్వీనియన్స్ స్టోర్లలో మాత్రం కౌంటర్ దగ్గర అడిగి వెళ్లడం మర్యాద: “తోయిరె ఒ కరితే మో ఈ దెస్ కా?” (టాయిలెట్ వాడుకోవచ్చా?) వాడుకున్నాక ఒక నీళ్ల సీసానో బిస్కెట్ ప్యాకెట్టో కొంటే బాగుంటుంది.

టోక్యో, ఒసాకాల మధ్య నడిచే 16 బోగీల బుల్లెట్ రైలు తోకైదో షింకాన్‌సెన్‌లో టాయిలెట్లు బేసి సంఖ్య బోగీల్లో ఉంటాయి. వీల్‌చైర్ పట్టే పెద్ద టాయిలెట్ 11వ బోగీలో ఉంటుంది. నడవలేని పెద్దవాళ్లుంటే సీటు బుక్ చేసేటప్పుడే ఆ బోగీ అడగండి. రైలు కదులుతుండగా నాలుగైదు బోగీలు దాటించడం వాళ్లకు నరకం.

ఏ తలుపు మీది?

గుమ్మంలో వరసగా కనబడే బొమ్మలు ఇవి: వీల్‌చైర్; పొట్ట మీద కూడిక గుర్తున్న మనిషి; చిన్న కుర్చీలో కూర్చున్న బిడ్డ; డైపర్ మార్చే బల్ల; పెద్దవాళ్లు పడుకునే మంచం. ఏ బొమ్మ ఉంటే ఆ సౌకర్యం లోపల ఉన్నట్టు.

ఈ ఏర్పాటు ఇలా రావడానికి కారణం ఉంది. భవనాల్లో వికలాంగుల సౌకర్యాలకు 1994లో ఒక చట్టం, రైళ్లకూ బస్సులకూ స్టేషన్లకూ 2000లో ఇంకో చట్టం వచ్చాయి. 2006లో ఆ రెండింటినీ కలిపి బారియర్ ఫ్రీ చట్టం చేశారు. ఆ రోజుల్లో అన్ని సౌకర్యాలనూ ఒకే పెద్ద గదిలో పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు అన్న అర్థం వచ్చే పేర్లు తగిలించారు. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం వేరు. స్ట్రోలర్‌తో వచ్చిన తల్లి, సూట్‌కేసుతో వచ్చిన ప్రయాణికుడు, బట్టలు మార్చుకునేవాళ్లు అందరూ ఆ ఒక్క గదికే వెళ్లడంతో వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి బయట ఎదురుచూడాల్సి వచ్చింది. మిగతావాళ్లకు పక్కన ఇంకో గది ఉంటుంది, ఆ మనిషికి ఉండదు. అందుకే 2020లో చట్టాన్ని సవరించి, ఇలాంటి గదుల్ని అవసరమున్నవాళ్లకు వదిలేలా ప్రజల్లో అవగాహన పెంచే బాధ్యతను చేర్చారు. అది 2021 ఏప్రిల్ నుంచి అమలైంది. కట్టే పద్ధతి కూడా మారింది. బిడ్డ కుర్చీని మగవాళ్ల వైపూ ఆడవాళ్ల వైపూ మామూలు గదుల్లోకి తెచ్చారు. ఆపరేషన్ తర్వాత మలమూత్రాల కోసం పొట్టకు సంచి అతికించుకున్నవాళ్ల సింకును ఇంకో వెడల్పాటి గదిలో పెడుతున్నారు. పెద్ద గది వీల్‌చైర్‌కు మిగులుతుంది. ఒకే గదిలో అన్నీ కుక్కడం కంటే ఈ పద్ధతే న్యాయమైనది. మన దగ్గర కొత్తగా మాల్, బస్టాండ్ కట్టేవాళ్లు దీన్ని గమనించాలి.

కాబట్టి ఎంపిక ఇలా చేసుకోండి. చేతికర్రతో నెమ్మదిగా నడిచేవాళ్లకు మామూలు వరసలోనే పట్టుకునే కడ్డీ ఉన్న గది చాలు. ఆ గది తలుపు మీద బొమ్మ ఉంటుంది. చంటిబిడ్డ ఉంటే బిడ్డ కుర్చీ గుర్తున్న మామూలు గది. స్ట్రోలర్ లోపలికి పట్టాల్సిందే అనుకుంటే వెడల్పాటి గది ఉందేమో ముందు వెతకండి. వీల్‌చైర్ వాడేవాళ్లు, పక్కన మనిషి సాయం లేనిదే కూర్చోలేనివాళ్లు, మంచం మీద పడుకోబెట్టి డైపర్ మార్చాల్సినవాళ్లు నేరుగా పెద్ద గదికి వెళ్లొచ్చు. అలాగే ఆ గదిలోంచి చక్కగా నడుస్తూ బయటికొచ్చినవాళ్లను చూసి మొహం చిట్లించకండి. పేగు ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు పైకి మామూలుగానే కనబడతారు. ఎర్ర బిళ్ల మీద తెల్లటి కూడిక, దాని కింద గుండె గుర్తు ఉన్న హెల్ప్ మార్క్‌ను సంచికి తగిలించుకునేది ఇలాంటివాళ్లే. అది 2012లో టోక్యోలో మొదలైంది.

పొట్ట మీద కూడిక ఉన్న బొమ్మ స్టోమా ఉన్నవాళ్లది. ఆపరేషన్ తర్వాత మలమూత్రాలు పొట్టకు అతికించిన సంచిలోకి పోయేవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆ సంచిని బయట ఎక్కడ శుభ్రం చేసుకోవాలన్నదే వాళ్లు ప్రయాణమంటే భయపడటానికి పెద్ద కారణం. జపాన్‌లో ఆ బొమ్మ ఉన్న గదిలో నడుము ఎత్తున వెడల్పాటి సింకు, దానికి ఫ్లష్, గోరువెచ్చటి నీళ్లొచ్చే చిన్న షవర్, సామాను పెట్టుకునే అర, కొక్కెం, అద్దం ఉంటాయి. నిలబడే సంచి ఖాళీ చేసి, కడిగి, పొట్ట చుట్టూ చర్మం శుభ్రం చేసుకుని కొత్తది అతికించుకోవచ్చు. మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే జపాన్ ప్రయాణం మానుకోనక్కర్లేదు. మిగతావాళ్లు మాత్రం ఆ సింకులో చేతులు కడగకూడదు, బిడ్డ పాలసీసా అసలే కడగకూడదు.

పాత సత్రాల్లో, చిన్న హోటళ్లలో బొమ్మల బదులు ఒక్క అక్షరమే రాసి ఉండొచ్చు. పై భాగంలో నాలుగు గళ్లుగా విడగొట్టిన పెట్టె కనబడితే మగవాళ్లది. రెండు వంపు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ, అడ్డంగా ఒక గీత ఉంటే ఆడవాళ్లది.

వరస, తలుపు, గోడ

లోపల ఒక్కో తలుపు ముందు విడిగా నిలబడకండి. గుమ్మం దగ్గర ఒకటే వరస ఉంటుంది, ఏ గది ఖాళీ అయితే మొదటివాళ్లు దానిలోకి వెళ్తారు. గొళ్లెం దగ్గర ఎరుపు కనబడితే లోపల మనిషి ఉన్నట్టు, నీలం లేదా ఆకుపచ్చ అయితే ఖాళీ. అనుమానంగా ఉంటే రెండుసార్లు మెల్లగా తట్టండి. లోపలున్నవాళ్లు తిరిగి తడతారు. మీరు లోపల ఉన్నప్పుడు ఎవరైనా తడితే మీరూ అలాగే తట్టండి, మాట్లాడనక్కర్లేదు. మగవాళ్ల టాయిలెట్‌లో ఆడవాళ్లు శుభ్రం చేస్తూ కనబడటం అక్కడ సాధారణం, కంగారుపడి వెనక్కి రాకండి.

కూర్చున్నాక పక్క గోడ చూడండి. ఇక్కడే జపాన్‌వాళ్ల జాగ్రత్త కనబడుతుంది. 2007లో వచ్చిన జేఐఎస్ ఎస్ 0026 అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణం ప్రకారం, సీటు ముందు భాగం పక్కన గోడకు పేపరు ఉండాలి. దానికి సరిగ్గా పైన గుండ్రటి ఫ్లష్ బటన్. అదే ఎత్తులో 20 నుంచి 30 సెం.మీ. వెనక్కి జరిగితే అత్యవసర బటన్. అది గుండ్రంగా కాకుండా చతురస్రంగానో త్రిభుజంగానో, వేరే రంగులో ఉంటుంది. అంతకుముందు ఒక్కో భవనంలో ఒక్కో చోట ఉండేవి. చూపు లేనివాళ్లు గోడంతా తడుముకుని, చివరికి ఫ్లష్ అనుకుని అత్యవసర బటన్ నొక్కేవాళ్లు. స్థానాలు మూడూ స్థిరపడితే చేత్తోనే కనిపెట్టొచ్చు, భాష రాకపోయినా ఇబ్బంది లేదు. పాత భవనాలు దీన్ని పాటించకపోవచ్చు కనుక నొక్కేముందు ఆకారం చూసుకోండి.

అత్యవసర బటన్ పొరపాటున నొక్కితే బజర్ మోగుతుంది, బయట దీపం వెలుగుతుంది, సిబ్బంది పరుగున వస్తారు. తలుపు తీసి “సుమిమాసెన్, మచిగాఎమాషిత” అనండి, పొరపాటున నొక్కామని అర్థం. ఏమీ చెప్పకుండా జారుకోవద్దు. వాళ్లు లోపల ఎవరో పడిపోయారనుకుని వెతుకుతారు.

నీళ్ల సీటు వాడటం

టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ పేరుతో ఈ నీళ్లు చిమ్మే సీటు అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా కంపెనీలవి ఉన్నాయి. వాటి బొమ్మలు వేరువేరుగా ఉండి విదేశీయులు తికమకపడుతున్నారని, 2017లో తయారీదారుల సంఘం ఎనిమిది ముఖ్యమైన పనులకు అందరూ ఒకే బొమ్మలు వాడాలని నిర్ణయించింది.

1. సీటు మీద పూర్తిగా వెనక్కి కూర్చోండి. బరువు తగిలితేనే సెన్సర్ పనిచేస్తుంది. అంచున కూర్చున్నా, వంగి నిలబడినా నీళ్లు రావు. వృద్ధులు “ఇది పాడైపోయింది” అనుకునేది చాలావరకు ఇందుకే.

2. పిరుదుల కిందినుంచి నీళ్లు చిమ్ముతున్న బొమ్మ వెనక భాగానికి. కూర్చున్న స్త్రీ బొమ్మ ముందు భాగానికి. నొక్కేముందే ధార బలాన్ని అన్నిటికంటే తక్కువకు తెచ్చుకోండి. మీకంటే ముందు వాడినవాళ్లు ఎంతలో పెట్టారో తెలియదు. మొలలున్నవాళ్లు ఈ జాగ్రత్త మరవకూడదు.

3. నాజిల్ (నీళ్లు చిమ్మే సన్నటి గొట్టం) బయటికి రావడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఏమీ రాలేదని మళ్లీ మళ్లీ నొక్కకండి. వాడకముందూ తర్వాతా నాజిల్ తనను తాను కడుక్కుంటుంది.

4. ఆపడానికి నిండు చతురస్రం గుర్తు. అమ్మకో నాన్నకో ఒకే ఒక బటన్ నేర్పే సమయం ఉంటే ఇదే నేర్పండి. నీళ్లు ఆగి నాజిల్ లోపలికి వెళ్లాకే లేవాలి.

5. పేపరుతో అద్దుకోండి. ఆరబెట్టే గాలి ఉన్నా నెమ్మది.

వేడి సీటు చలికాలంలో హాయిగా ఉంటుంది కానీ, మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లు ఎక్కువసేపు కూర్చుంటే చర్మం కమిలే ప్రమాదముంది. ఇంట్లో అయితే వేడి తగ్గించి పెట్టండి.

ఫ్లష్ ఎక్కడ?

ఒక చోట గోడ మీద బటన్, ఒక చోట చెయ్యి అడ్డం పెట్టే సెన్సర్, ఒక చోట పక్కన పిడి, ఇంకో చోట లేవగానే దానంతటదే. పిడికి రెండు వైపులా అక్షరాలుంటాయి: చేతులూ కాళ్లూ చాచిన మనిషిలా ఉన్నది ఎక్కువ నీళ్లకు, నిలువు గీతకు అటూ ఇటూ చిన్న గీతలున్నది తక్కువ నీళ్లకు.

సంగీతం గుర్తున్న బటన్ ఫ్లష్ కాదు. అది ఓతోహిమే. నీళ్లు పారుతున్న శబ్దం మాత్రమే వినిపిస్తుంది. తమ శబ్దం బయటికి వినబడకూడదని ఆడవాళ్లు పదేపదే ఫ్లష్ చేయడంతో బోలెడు నీళ్లు వృథా అయ్యేవి. దానికి పరిష్కారంగా 1988లో టోటో దీన్ని తెచ్చింది. శబ్దం విని ఫ్లష్ అయిందనుకుని వచ్చేసేవాళ్లున్నారు, వెనక్కి తిరిగి ఒకసారి చూసుకోండి.

టాయిలెట్ పేపరు కమోడ్‌లోనే వెయ్యాలి, అది నీళ్లలో కరిగిపోతుంది. జేబు టిష్యూలు కరగవు, వేయకండి. శానిటరీ న్యాప్‌కిన్లు, లీకేజీ ప్యాడ్లు పక్కనున్న చిన్న మూత డబ్బాలో వెయ్యాలి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన నాన్నలు, తాతయ్యలు ప్యాడ్ వాడుతుంటారు కదా, వాళ్ల కోసం ఈమధ్య మగవాళ్ల గదుల్లోనూ ఆ డబ్బా పెడుతున్నారు. లేకపోతే మీ కవరులో కట్టి తెచ్చుకోవాలి. పిల్లల డైపర్లు కూడా చాలాచోట్ల వెంట తీసుకెళ్లాల్సిందే.

నీళ్లు పైకి ఉబికితే ఇంకోసారి ఫ్లష్ చెయ్యకండి. సిబ్బందికి “త్సుమారిమాషిత” అని చెబితే మూసుకుపోయిందని అర్థమవుతుంది.

గొంతుకూర్చునే రకం

పాత స్టేషన్లలో, పార్కుల్లో ఇవి ఇంకా ఉన్నాయి. మనకు అలవాటైనదే అనుకుంటాం గానీ దిశ వేరు. ఒక చివర గుండ్రటి గొడుగులాంటి మూత ఉంటుంది, మొహం దానివైపు పెట్టి కూర్చోవాలి. సాధారణంగా వీపు తలుపు వైపుకు వస్తుంది. మూతకు వీలైనంత దగ్గరగా కూర్చోకపోతే పళ్లెం బయట పడుతుంది. ఫోను, పర్సు వెనక జేబులోంచి ముందే తీసెయ్యండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను దీనికి పంపకండి, వరసలో ఒకటైనా కమోడ్ గది ఉండే అవకాశం ఎక్కువ.

వీల్‌చైర్‌తో పెద్ద గదిలో

గది సుమారు 2 మీటర్లు పొడవు, 2 మీటర్లు వెడల్పు. కుర్చీ తిప్పుకోవడానికి 150 సెం.మీ. వ్యాసం ఖాళీ, తలుపు కనీసం 80 సెం.మీ.

తలుపు బటన్‌తో జరిగే రకమైతే లోపలికి వెళ్లాక “మూయి” బటన్ నొక్కాలి. దానితోనే తాళం కూడా పడి బయట దీపం వెలుగుతుంది. చేత్తో తలుపు లాగకండి. చిన్నపిల్లలు వెంట ఉంటే ఇక్కడే జాగ్రత్త: బటన్లు వీల్‌చైర్ ఎత్తుకు పెట్టడం వల్ల పిల్లల చేతికీ అందుతాయి. మీరు కూర్చుని ఉండగా బిడ్డ “తెరువు” నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. బిడ్డను ముందు కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి.

కమోడ్‌కు గోడవైపు ఎల్ ఆకారపు కడ్డీ, రెండోవైపు పైకి ఎత్తి దించే కడ్డీ ఉంటాయి. రెంటి మధ్య 70 నుంచి 75 సెం.మీ. వీల్‌చైర్‌ను కమోడ్ పక్కకు ఏటవాలుగా తెచ్చి బ్రేకులు వెయ్యండి, పాదాల పలకలు మడిచెయ్యండి. ఎత్తే కడ్డీని పైకి లేపి, మనిషిని గోడ కడ్డీ పట్టుకోమని సీటు మీదికి జరపండి. కూర్చున్నాక కడ్డీ కిందికి దించండి. దించడం మరిచిపోతే ఆ వైపుకు ఒరిగి పడతారు. పక్షవాతం వచ్చినవాళ్లకు బలమున్న చెయ్యి గోడవైపు రావాలి. పెద్ద స్టేషన్లలో రెండు గదులుంటే ఒకదానిలో గోడ ఎడమకు, ఇంకోదానిలో కుడికి ఉండేలా కడతారు. బయట పటంలో చూసి ఎంచుకోండి.

బట్టలు మార్చాలంటే గోడకు మడిచి ఉన్న పలకను దించి, చెప్పులు విప్పి దాని మీద నిలబడాలి. పని అయ్యాక అన్నీ తిరిగి మడవండి. మంచం దించి వదిలేస్తే తర్వాత వచ్చే వీల్‌చైర్‌కు లోపలికి దారే ఉండదు.

తోడు వెళ్లేది కొడుకైతే

నడవలేని అమ్మను కొడుకో, నాన్నను కూతురో తీసుకెళ్లాలంటే ఆడా మగా ఇద్దరూ వాడే పెద్ద గదే దారి. అది లేనిచోట ఆడవాళ్ల వైపు అడుగుపెట్టిన మగవాణ్ణి అనుమానంగా చూస్తారు. దీనికోసమే షిజుఓకా రాష్ట్రం 2011లో సంరక్షకుల గుర్తు తయారుచేసింది. మెడలో వేలాడే ఆ కార్డు చూస్తే ఈయన సాయానికి వచ్చాడని అర్థమవుతుంది. అది లేకపోతే ముందు సిబ్బందిని పిలవండి.

అందరికీ కలిపి ఒకే టాయిలెట్ అనే పద్ధతి మాత్రం అక్కడ కూడా తేలిగ్గా కుదరలేదు. టోక్యోలో 2023 ఏప్రిల్‌లో తెరిచిన తోక్యూ కబుకిచో టవర్ అనే ఎత్తైన భవనంలో లింగభేదం లేని టాయిలెట్ పెడితే, అపరిచిత మగవాళ్ల పక్కన భయంగా ఉందని ఆడవాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆగస్టుకల్లా ఆడ, మగ విభాగాలుగా మార్చేశారు. టోక్యోలోని షిబుయా వార్డులో నిప్పోన్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2020 నుంచి 2023 వరకు కట్టించిన 17 పార్కు టాయిలెట్లలో మాత్రం ఇలాంటి ప్రయత్నాలు నేరుగా చూడొచ్చు. నబెషిమా షోతో పార్కులో ఆర్కిటెక్ట్ కెంగో కుమా ఒకే భవనం బదులు ఐదు చిన్న గుడిసెలుగా విడగొట్టారు. ఇంకో ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ కట్టిన రంగు గాజు టాయిలెట్లలో గొళ్లెం వేస్తేనే గాజు మసకబారుతుంది, గోడలు పూర్తిగా మసకబారాకే పని మొదలుపెట్టండి.

చెప్పులు, సాయం

గుళ్లలో, ర్యోకాన్‌లు అనే సంప్రదాయ సత్రాల్లో టాయిలెట్ గుమ్మంలో వేరే చెప్పులుంటాయి. మీవి బయట విడిచి అవి తొడుక్కోండి, వచ్చేటప్పుడు తర్వాతివాళ్లు నేరుగా కాళ్లు పెట్టేలా తిప్పి వదలండి. వాటితోనే చాప గదిలోకి నడవడం పెద్ద తప్పు.

లోపల పెద్దవాళ్లు పడిపోతే నేలకు దగ్గరగా ఇంకో అత్యవసర బటనో, లాగే తాడో ఉందేమో చూడమని ముందే చెప్పి పంపండి. తలుపు లోపలినుంచి గొళ్లెం పడి ఉంటే సిబ్బందిని పిలవండి, చాలా గొళ్లేలను బయటినుంచి తియ్యొచ్చు. కేకెయ్యాల్సి వస్తే “తసుకెతె” అనండి, కాపాడండి అని అర్థం. అంబులెన్స్‌కు 119.